డెడ్ సీ స్నానం: నీళ్ళలో పావుగంట, ఒడ్డున గంటన్నర

రేటింగ్ ఇవ్వమంటే డెడ్ సీ అనే ఉప్పు సరస్సుకి ఐదు చుక్కలు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చిన ఏర్పాటుకి మూడు. ఆ మూడింట్లోనూ ఒకటి ఒడ్డున ఈల పట్టుకుని నిలబడ్డ లైఫ్‌గార్డ్ అబ్బాయిది, టూర్ వాళ్ళది కాదు.

జోర్డాన్ గ్రూప్ టూర్లు ఇంచుమించు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. అమ్మాన్‌లో దిగాలి, జెరాష్ శిథిలాలు చూడాలి, తర్వాత మదబా, నెబో కొండ, డెడ్ సీ, పెట్రా, వాదీ రమ్ ఎడారి. మాదీ అంతే. పెట్రాలో ఎన్ని గంటలు, వాదీ రమ్‌లో జీపు ఎంతసేపు అని వివరంగా చెప్పిన కాగితం, డెడ్ సీ దగ్గరికొచ్చేసరికి "భోజనం, ఫ్లోటింగ్" అని రెండు ముక్కలతో సరిపెట్టింది. ఎంతసేపో లేదు. బట్టలు మార్చుకునే చోటుందో లేదో, మంచినీళ్ళ షవర్లు ఎన్నో, తువ్వాలు ఎవరు తెచ్చుకోవాలో ఏదీ లేదు. నేను రాసేది చాలావరకు ఆ కాగితం మీద లేని సంగతులే. కంపెనీ పేరూ, బీచ్ పేరూ రాయను. మిగతా రోజులు బాగానే చూసుకున్నారు. ఒక్క పూట కోసం పేరు పెట్టి దుయ్యబట్టడం నాకిష్టం లేదు.

ఇంకో మాట. నా వృత్తి ఈత నేర్పడం. నీళ్ళంటే వణికిపోయే పెద్దవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. కాబట్టి ఈ రివ్యూలో మడమలు, మెడలు, ఊపిరి, లోతు ఉంటాయి గానీ సూర్యాస్తమయాలు ఉండవు.

పొద్దున ముందు మదబా చూపించారు. అక్కడ సెయింట్ జార్జ్ చర్చిలో నేల మీద ఆరో శతాబ్దం నాటి మొజాయిక్ పటం ఉంది. బైబిల్ కథల పవిత్ర భూమి మొత్తాన్నీ రంగురాళ్ళ ముక్కలతో పరిచారు. చాలా భాగం పోయింది గానీ డెడ్ సీ మిగిలింది. దాని మీద రెండు పడవలున్నాయి, వాటిలో ఉన్న మనుషుల బొమ్మల్ని ఎప్పుడో ఎవరో చెరిపేశారు. నాకు నచ్చింది పడవలు కాదు, పైన, ఈ సరస్సులో కలిసే జోర్డాన్ నదిలో ఉన్న చేప. ఏటి వాలున కిందికొచ్చి, ఉప్పు తగలగానే వెనక్కి తిరిగి ఎదురీదుతోంది. మా గైడ్ ఆ రోజు చెప్పిన జాగ్రత్తలన్నిటికంటే ఆ చేపే సూటిగా చెప్పింది.

నెబో కొండ మీద నుంచి బైబిల్లోని మోషే ప్రవక్త అవతలి దేశాన్ని చూశాడంటారు. ఆ రోజు మాకు మసకే కనబడింది. కొండ 700 మీటర్లకు పైగా ఎత్తు. అక్కణ్ణుంచి బస్సు మెలికలు తిరుగుతూ దిగి దిగి సముద్ర మట్టానికి వచ్చింది, అక్కడా ఆగకుండా ఇంకా కిందికి దిగింది. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, గుటక వేస్తే టప్పున తెరుచుకున్నాయి. డెడ్ సీ నీటి అంచు సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆరుబయట కాలు మోపగల నేలలో అంతకంటే పల్లం భూమ్మీద ఇంకెక్కడా లేదు.

జాగ్రత్తలన్నీ ఈ దిగుడులోనే మైకులో చెప్పారు. ఒంటి మీద చిన్న గీత ఉన్నా మండుతుంది కాబట్టి షేవింగ్ ముందు రోజే ముగించి ఉండాలట. ఈ ముక్క ముందు రోజు రాత్రి చెప్పాల్సింది. పొద్దున్నే నున్నగా గీసుకొచ్చిన ముందు సీటు పెద్దాయన చెంపలు తడుముకుంటూ కూర్చున్నాడు. వెండి నల్లబడుతుంది, తీసేయండి అన్నారు. బంగారానికి ఫరవాలేదు గానీ మా బ్యాచ్‌లో ఆడవాళ్ళందరి కాళ్ళకీ మెట్టెలున్నాయి, కొందరికి పట్టీలూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి వేలికి పట్టేసిన మెట్టెని, మలుపులు తిరిగే బస్సులో కూర్చుని లాగడం అయ్యే పని కాదు. అది హోటల్ గదిలో సబ్బు రాసుకుని తీరిగ్గా చేసుకోవలసిన పని. ఎవరైనా వెళుతుంటే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

బీచ్ దగ్గర దింపి, ముందు భోజనం అన్నారు. బఫే. తిండికి వంక పెట్టను, హమ్ముస్ (శనగల ముద్ద) బాగుంది, వంకాయ పచ్చడి ఇంకా బాగుంది. వంక అంతా వరసకే. కడుపు నిండా తిన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు పొట్టలోకి ముడవమనడం నా వృత్తిలో చెయ్యకూడని పని. ముందు నీళ్ళు, తర్వాత షవర్, ఆ తర్వాత అన్నం. వరస మార్చడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు. పైగా భోజనాలు ముగిసేసరికి బస్సు కదలడానికి గంటా పావు మిగిలింది.

గంటా పావంటే ఎక్కువే అనిపిస్తుంది. ఈ నీళ్ళలో ఎలాగూ పదిహేను, ఇరవై నిమిషాలకి మించి ఉండొద్దంటారు కదా. కానీ లాకరు తాళం కోసం నిలబడాలి, బట్టలు మార్చుకునే గదుల దగ్గర నిలబడాలి, నీళ్ళ దాకా నడవాలి, తిరిగి ఎక్కాలి, షవర్ దగ్గర నిలబడాలి, మళ్ళీ బట్టల గది దగ్గర నిలబడాలి. ముప్పై మందికి పైగా ఉన్న బ్యాచ్‌కి ఒక్కో చోటా పావుగంట వేసుకోండి. బురద పూసుకుని ఆరబెట్టుకునే ముచ్చట ఇంకా లెక్కలోకే రాలేదు. మామూలు బీచ్‌లో గంటసేపు నీళ్ళలో ఉండి, పది నిమిషాల్లో తుడుచుకుని వచ్చేయొచ్చు. ఇక్కడ తిరగేసి లెక్క వేసుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలిసిన టూర్ మేనేజర్ ఎవరైనా ఉంటే, వాళ్ళతో కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

సరే, నీళ్ళు.

నీళ్ళ దాకా దిగడమే ఒక పని. పైన పాత మెట్లు, వాటి కింద ఆ తర్వాత కట్టిన మెట్లు, వాటి కింద చెక్కల దారి, దాని చివర ఈమధ్యే వేసినట్టున్న ఇనుప ప్లాట్‌ఫారం. సరస్సు వెనక్కి పోయినప్పుడల్లా బీచ్ వాళ్ళు ఇంకో ముక్క అతికిస్తున్నారు. మట్టం ఏటా మీటరుకు పైగా పడిపోతోంది. జోర్డాన్ నది నీటిని ఇజ్రాయెల్, జోర్డాన్, సిరియా పైనే తాగడానికీ సాగుకీ మళ్ళించుకుంటున్నాయి. ఇజ్రాయెల్ పెద్ద పైపుల కాలువ 1964లో మొదలైంది. దానికి తోడు దక్షిణ కొసన ఇజ్రాయెల్, జోర్డాన్ పొటాష్ కంపెనీలూ సరస్సు నీటిని మడుల్లోకి తోడి ఎండబెడుతున్నాయి. మర్నాడు పెట్రాకి వెళుతుంటే గోర్ అల్ సఫీ ఊరి దగ్గర ఆ పొటాష్ మడులే కనబడతాయి. అక్కడ అసలు సరస్సు లేదు, తోడిపోసిన నీళ్ళే. పర్యావరణం మాట అటుంచండి, యాత్రికుడికి దీనివల్ల పడేది మెట్లు. మా బ్యాచ్‌లో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు దిగారు గానీ ఎక్కేటప్పుడు మధ్యలో రెండు సార్లు కూర్చున్నారు. ఈ మెట్ల సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పాలి.

ఒడ్డున ఇసుక ఉంటుందనుకోకండి. ఉప్పు గడ్డకట్టి, గరుగ్గా, అంచులు కోసుకునేంత పదునుగా ఉంటుంది. నీళ్ళలో తడిసినా జారని రబ్బరు చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, తప్పనిసరి. పట్టీ లేని చెప్పులు పాదం వదిలి తేలిపోతాయి. మా వాళ్ళవి రెండు మూడు అలా తేలిపోతుంటే లైఫ్‌గార్డ్ కర్రతో లాగి ఇచ్చాడు.

మోకాలి లోతులో నిలబడి కిందికి చూస్తే, కాలు కదిపిన చోటల్లా నీళ్ళలో పాకం తీగల్లా గీతలు సాగుతాయి. ముట్టుకుంటే జిడ్డు. తడి ఆరాక కూడా ఆ జిడ్డు పోదు. నూటికి దాదాపు 34 పాళ్ళు లవణాలే. మామూలు సముద్రంలో మూడున్నర. లీటరు నీళ్ళు 1.24 కిలోలు తూగుతాయి. మన ఒళ్ళు లీటరుకి దగ్గర దగ్గర కిలో. అంటే ఒంట్లో అయిదో వంతు నీటి పైన ఉండి తీరాలి. మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఒప్పుకోని వాళ్ళతోనే గొడవ. వాళ్ళెవరంటే, ఈత వచ్చిన వాళ్ళు.

నేను పూల్‌లో నేర్పే మొదటి పాఠం ముఖం నీళ్ళలో పెట్టడం. ఇక్కడ ఆ పని చేస్తే కళ్ళు పోయినంత పనవుతుంది. రెండో పాఠం బోర్లా సాగి పడుకోవడం. ఇక్కడ బోర్లా పడుకుంటే పిరుదులూ కాళ్ళూ పైకి లేస్తాయి, ఛాతీ మీద బరువు పడి తల ముందుకి వంగుతుంది, ముఖం నీళ్ళకి తగలకుండా మెడ విరిగేలా పైకెత్తి పట్టుకోవాలి. మామూలు నీళ్ళలో కొత్తవాళ్ళకి కాళ్ళు దిగిపోవడం సమస్య, అక్కడ తల మాత్రం పైనే ఉంటుంది. ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. బ్రెస్ట్ స్ట్రోక్ వేసి చూశాను. మడమలు బయటికొచ్చి గాలిని తన్నాయి, ఒక్క అడుగు ముందుకి పోలేదు. ఫ్రీ స్టైల్ జోలికి పోలేదు. వెల్లకిలా పడుకుని, నడుము పక్కన అరచేతులతో నీళ్ళు తోసుకుంటే మాత్రం నింపాదిగా సాగుతుంది. మరీ లోతైన చోట నిటారుగా నిలబడితే నీళ్ళు చంకల దగ్గర ఆగిపోయాయి. చేతులు కట్టుకున్నాను, కాళ్ళు ఆడించలేదు, అలాగే నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళ నీటి బతుకులో ఒంటికి ఇలాంటి అనుభవం ఎక్కడా కలగలేదు. ఐదు చుక్కలూ దానికే.

ఇది చదివి ఎవరైనా అక్కడ ఈత కొట్టొచ్చనుకుంటే, కొట్టకూడదు. తేలడానికి వెళ్ళండి. ఆ రోజు లైఫ్‌గార్డ్ ఈల ఊదినవన్నీ ఈతగాళ్ళ కోసమే. మా బ్యాచ్‌లో కాలేజీ కుర్రాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి దూకబోతే, ఈల కాదు, కేకే పెట్టాడు. ఇంత తేలిగ్గా తేలే నీళ్ళలో మునిగిపోయేదెలా అని చాలామంది నవ్వుతారు. మునగరు, తిరగబడతారు. కెరటం తగిలో, పక్కవాణ్ణి పట్టుకోబోయో బోర్లా పడితే కాళ్ళు కిందికి దిగవు. కళ్ళు మండుతుంటే గాభరాలో నోరు తెరుస్తారు, ఆ గుటకే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ లవణాల్లో మన వంటింటి ఉప్పు మూడో వంతు కూడా లేదు. సగం దాకా మెగ్నీషియం క్లోరైడ్, ఆ తర్వాత కాల్షియం, పొటాషియం. అవి కడుపులోకి చాలినంత పోతే రక్తంలో పెరిగి గుండె కొట్టుకునే తీరు చెడగొడతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఆ లవణాల వల్లే నాలిక మీద పడ్డ ఒక్క చుక్క కూడా ఉప్పగా కాదు, చేదుగా ఉంటుంది. మింగినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టి వదిలేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ మాట మా మైకు ఉపన్యాసంలో లేదు. ఉండి తీరాలి.

ఈత రానివాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఇది స్వర్గం. మొదటి శతాబ్దంలో రోమన్ సేనాని వెస్పాసియన్ ఇక్కడికొచ్చి, ఈత రాని మనుషుల చేతులు వెనక్కి కట్టించి లోతులోకి తోయించాడట. అందరూ తేలారట. తోయబడ్డ వాళ్ళ అభిప్రాయం ఎవరూ రాసిపెట్టలేదు.

మా బ్యాచ్‌లో అందరికంటే పెద్దావిడకి నేనే పద్ధతి చెప్పాను. తొడల లోతు దాకా నడవాలి, ఒడ్డు వైపు తిరగాలి, కుర్చీలో కూర్చున్నట్టు నెమ్మదిగా కూర్చోవాలి. మిగతా పని నీళ్ళే చూసుకుంటాయి. ఆవిడ కళ్ళు మూసుకుని, "బాబూ, వదలకు నాయనా, వదలకు" అంటూనే ఉంది.

"పట్టుకోలేదమ్మా. నా చేతులు రెండూ పైనే ఉన్నాయి, చూడండి."

చూసింది. పది సెకన్లు మాట్లాడలేదు. తర్వాత నన్ను పక్కకి తప్పుకోమంది, ఎండకి అడ్డం వస్తున్నానట.

నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు ఆ స్థితికి రావడానికి వారాలు పడుతుంది. మెడ బిగుసుకుని ఉంటుంది, తల వెనక్కి వాల్చరు, నీళ్ళు మోస్తాయని నమ్మరు. ఇక్కడ నమ్మడం, నమ్మకపోవడం అన్న ప్రశ్నే లేదు. నీళ్ళ భయం ఉన్న మనిషిని ఒక్కసారి ఇక్కడ పడుకోబెట్టి తీసుకురాగలిగితే నా పని సగం తగ్గుతుందనిపించింది. అయితే ఇక్కడ తేలిన ధైర్యంతో మామూలు నీళ్ళలోకి దిగితే మాత్రం ముప్పే. ఆ సంగతి ఆవిడకి అక్కడే చెప్పాను.

లేవడం నేర్పడం అసలు పాఠం, అదే ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ హాయిగా తేలి తేలి, ఇక చాలనుకుని నిలబడబోతే పాదాలు దిగలేదు. "ఏమండీ, కాళ్ళు కిందికి రావట్లేదు!" అని కేక. చుట్టుపక్కల ఇంకో నలుగురిదీ అదే అవస్థ. మోకాళ్ళు ఛాతీకి లాక్కోవాలి, అరచేతులతో నీళ్ళని కిందికి నొక్కాలి, పిరుదులు దిగేదాకా ఆగాలి, అప్పుడు పాదాలు పెట్టాలి. తొందరపడి ముందుకి వంగితే బోర్లా పడతారు. బస్సులో దిగేటప్పుడే అందరినీ సీట్లో కూర్చుని రెండుసార్లు ఈ పని చేయమంటే అయిపోయేది.

ఇక బ్యానర్. కంపెనీ పేరున్న గుడ్డ బ్యానర్‌ని తేలుతూ పట్టుకుని గ్రూప్ ఫొటో దిగాలట. ముప్పై మంది వెల్లకిలా, వరసగా, ఒకరి పాదాలు ఒకరికి తగలకుండా, నవ్వుతూ. నీళ్ళలో మాకున్న కాస్త సమయంలో సగం దానికే పోయింది. ఎవరో కాలు విదిలిస్తే చుక్కలు ఎగిరి ఒకావిడ కంట్లో పడ్డాయి. ఆవిడ చెయ్యి కంటి దగ్గరికి పోనీయకుండా (చేతికీ అదే ఉప్పు కదా) లైఫ్‌గార్డ్ పరిగెత్తుకొచ్చి మంచినీళ్ళ సీసాతో కడిగాడు. సీసాలు వరసగా నింపి సిద్ధంగా పెట్టుకున్నాడు. రేటింగ్‌లో అతనికో చుక్క ఎందుకిచ్చానో ఇప్పుడు తెలిసిందా. మా గైడ్ అప్పటికే ఒడ్డున నిలబడి "యల్లా, యల్లా" (పదండి, పదండి) అని గడియారం చూపిస్తున్నాడు. ఆయన తప్పు కాదు, ఆయనకిచ్చిన టైమే అంత.

బట్టల విషయం ఆడవాళ్ళు చాలామంది అడుగుతారు. మాకు దొరికిన బీచ్‌లో లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్ట్ వేసుకుని దిగితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడి స్థానికులు కూడా నిండు దుస్తుల్లోనే దిగుతున్నారు. మందమైన నూలు బట్ట వద్దు, ఆరేసరికి అట్టకట్టి ఒరుసుకుపోతుంది. పాతవి తీసుకెళ్ళండి, రంగు పోయినా బాధ ఉండదు.

బురద అమ్మేవాడు తొట్టె దగ్గర మనిషికి మూడు దినార్లు అడిగాడు. దినారంటే డాలరూ నలభై సెంట్ల పైమాటే, కాబట్టి చవకేం కాదు. హోటళ్ళ సొంత బీచ్‌ల్లో కుండల్లో ఉచితంగా పెడతారు. నల్లగా, మెత్తగా, కాస్త గంధకం వాసనతో ఉంటుంది. పూసుకుని పది, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి సరస్సులోనే కడుక్కోవాలి. మా వాళ్ళలో పూసుకున్నవాళ్ళు ఆరకముందే కడిగేసుకున్నారు, బస్సు పోతుందని. మూడు దినార్లకి మూడు నిమిషాలు. చర్మం మెత్తబడింది అని ఒకరిద్దరన్నారు, నాకేమీ తేడా తెలియలేదు. ఈగలు మాత్రం బాగా మెచ్చుకున్నాయి.

షవర్లు నాలుగు. ఒకటి పని చెయ్యట్లేదు. ఇంకో బస్సు వాళ్ళూ అప్పుడే పైకొచ్చారు. ఇంకే నీళ్ళలో దిగినా కడుక్కోకపోతే కొంప మునగదు గానీ ఇక్కడ మునుగుతుంది. ఎండేకొద్దీ ఒంటి మీద తెల్లగా పేరుకుని, మోచేతి మడతల్లో, మెడ కింద దురద మొదలవుతుంది. ఒక చిట్కా: ముందే సబ్బు రాయకండి. మెగ్నీషియం, కాల్షియం ఉన్న నీళ్ళలో నురగ రాదు సరికదా తెల్లటి జిడ్డు పట్టుకుంటుంది. ఉత్త నీళ్ళతో రెండు నిమిషాలు బాగా కడిగాక సబ్బు. ఆ రెండు నిమిషాలు వెనక నిలబడ్డవాళ్ళు ఇవ్వరు, అది వేరే సంగతి. మాలో కొందరు తల కూడా కడుక్కోకుండా బస్సెక్కారు. సీట్ల మీద తెల్ల మరకలు.

అంత హడావుడిగా బస్సెక్కించి ఎక్కడికి తీసుకెళ్ళారంటే, డెడ్ సీ సబ్బులు, క్రీములు అమ్మే దుకాణానికి. అక్కడ తొందర లేదు. యల్లా లేదు. టీ ఇచ్చారు, చేతి మీద ఉప్పు రుద్ది చూపించారు, ధరలు చెప్పారు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. నీళ్ళలో మేమున్న సమయం కంటే దుకాణంలో ఉన్న సమయం బాగా ఎక్కువ. గ్రూప్ టూర్ నడిచే పద్ధతి నాకు తెలియక కాదు. దుకాణాల దగ్గర ఆగడం వల్లే టికెట్ ధర కొంత తగ్గుతుందేమో కూడా. కానీ ఆ సమయంలో సగం షవర్ల దగ్గర ఇచ్చి ఉంటే, జనం శుభ్రంగా, నిమ్మళంగా వచ్చి ఇంకాస్త ఎక్కువే కొనేవాళ్ళు. దురద పెడుతున్న మనిషి సబ్బు ధర బేరమాడడు, బయటికి దారి చూస్తాడు.

అలా సరస్సు ఒడ్డున ఎటో నడిచి ఫొటోలు తీసుకుందామని మా కుర్రాళ్ళు కంచె దాటబోతే బీచ్ వాళ్ళు ఆపారు. సరిగ్గానే ఆపారు. నీళ్ళు వెనక్కి పోయిన నేల కింద పాత ఉప్పు పొరలుంటాయి. పై నుంచి ఇంకే మంచినీరు వాటిని కరిగించేస్తే పైకప్పు కుప్పకూలి గోతులు పడతాయి. సరస్సుకి రెండు వైపులా అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. కంచె అందం కోసం కట్టింది కాదు.

మళ్ళీ వెళతానా? వెళతాను, బస్సులో మాత్రం కాదు. సరస్సు ఒడ్డున సువెయ్మా ఊరి దగ్గర వరసగా హోటళ్ళున్నాయి, అక్కడ ఒక రాత్రి ఉండేలా చూసుకుంటాను. గది నుంచి చెప్పులేసుకుని దిగి, పావుగంట తేలి, సొంత షవర్‌లో కావలసినంతసేపు కడుక్కుని, సాయంత్రం ఇంకోసారి దిగొచ్చు. గ్రూప్‌తోనే వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టేముందు ఏజెంటుని ఒకటే అడగండి: భోజనం కాకుండా బీచ్ దగ్గర ఎంతసేపు? రెండు గంటల కంటే తక్కువ చెబితే, ఒడ్డున కూర్చుని చూసి రావడానికి మనసు సిద్ధం చేసుకోండి.

తిరిగొచ్చాక ఇదంతా క్లుప్తంగా టూర్ వాళ్ళకి రాసి పంపాను. మర్యాదగానే జవాబిచ్చారు. వచ్చే బ్యాచ్ నుంచి భోజనం స్నానం తర్వాత పెడతామన్నారు, షేవింగ్, మెట్టెల మాట ముందు రోజు రాత్రే చెబుతామన్నారు. ఎలా లేవాలో ఒక వీడియో తీసి పంపగలరా అని నన్నే అడిగారు, పంపుతానన్నాను. దుకాణం సంగతికి మాత్రం జవాబు లేదు.